అంగన్‌వాడీలో ఆపద్ధర్మము

2004 జులై 16న తమిళనాట కుంభకోణములో ఒక పాఠశాల వంటశాల ఆకుల కప్పు అంటుకొని 94 మంది బాలబాలికలు ఆహుతియైరి. వారిని బలిగొన్నది నిప్పొక్కటే కాదు. ఇరుకు మెట్లదారియు, ఆపదవేళ ఎటు నడిపింపవలెనో ఎవరికిని నేర్పని అలక్ష్యమును. పాఠశాలలన్నిట అగ్నిమాపక సాధనములు, సిబ్బందికి శిక్షణ ఉండవలెనని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

అంగన్‌వాడీల సంగతి ఇంతకంటె కఠినము. అచటివారు ఆరేండ్ల లోపు శిశువులు. పరుగెత్తుమన్నచో కొందరు మూల దాగుదురు, కొందరు టీచరు కొంగు పట్టుకొందురు. ఒక కార్యకర్త, ఒక ఆయా. ఇరువదిమందిని ఆ నాలుగు చేతులెట్లు మోయగలవు? కావున అభ్యాసము ఆటగా సాగవలెను: త్రాటి ముడులు పట్టుకొని పాడుచు గడప దాటుట, చెట్టు క్రింద చేరి పేరు పేరున పలుకుట. హాజరుపట్టీ బీరువాలో గాక గుమ్మము ప్రక్కన వ్రేలాడవలెను, ఇందుకు నిధులేల? అయితే పిల్లలు కూర్చుండు గదిలోనే గ్యాసుపొయ్యి యున్నచో ఈ నేర్పు సగము వ్యర్థమే. మొదట పొయ్యి తరలవలెను.

ప్రక్కన ఉన్నత పాఠశాల యున్నచో పెద్ద విద్యార్థులు ఈ అభ్యాసమున పాల్గొనవచ్చును. వారిని లోనికి పంపుట మాత్రము తగదు. వెలుపల చెట్టు క్రింద నిలిచి, వచ్చిన ప్రతి పసివాని చేయి విడువక పట్టుకొనుట వారి పని; ఏలయన, బెదరిన శిశువు తల్లిని వెదకుచు మరల లోనికే పోవచ్చును.