కుట్ల లెక్క

జనగామ, మహబూబాబాదు పల్లెల్లో కురుమలు నేసే గొంగడికి ఒంటి కొలత పట్టింపు లేదు; తాత కప్పుకున్నదే మనుమడూ కప్పుకుంటాడు. స్వెట్టరు సంగతి అలా కాదు, ఒంటికి కుదరాలి. భూపాలపల్లి అడవిగాలికి పిల్లవాడు వణుకుతున్నాడని తల్లి నెల్లాళ్ళు కూర్చుని అల్లితే, తీరా అది ఛాతీ దగ్గర పట్టేస్తే ఎంత కష్టం!

ఇక్కడ చిక్కంతా లెక్కలోనే ఉంది. పుస్తకంలో 85 కుట్లు వేయమని ఉంటుంది. అది అంగుళానికి 5 కుట్లు పడే చేతికి. మీ చెయ్యి బిగువైతే 6 పడతాయి. అప్పుడు 17 అంగుళాలు రావలసిన ముందు భాగం 14 దగ్గరే ఆగిపోతుంది. వెనక భాగమూ అంతే.

అందుకని ముందు అదే ఊలుతో, అవే సూదులతో చిన్న ముక్క అల్లండి. ఉతికి ఆరబెట్టి, నడుమ నాలుగంగుళాల్లో కుట్లు ఎంచండి. 24 ఉంటే అంగుళానికి 6 అన్నమాట. ఛాతీ 32 అంగుళాలైతే, వదులుకు 2 కలిపి 34, సగం 17. దాన్ని 6తో హెచ్చవేస్తే 102 కుట్లు.

పువ్వు 8 కుట్లకొకసారి వచ్చేదైతే 102 కుదరదు, 104 వేసుకోండి. పద్యంలో గణాన్ని సగానికి విరవలేం కదా! పెరిగేది మూడోవంతు అంగుళమే.

లెక్క మార్చడం ఇష్టం లేకపోతే సూది మార్చండి. పాత ఇంగ్లీషు కొలతలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 10 బదులు 9 పట్టుకుంటే కుట్లు వదులవుతాయి. అప్పుడూ మళ్ళీ ముక్క అల్లి చూడాలి సుమా! ఒక్క సాయంత్రం దానికిస్తే నెల్లాళ్ళ శ్రమ దక్కుతుంది.