మొదటి అధ్యాయంలో జాలరి

నందిగామ నుంచి ఒక యువమిత్రుడు ఈ మధ్య తన నవల రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టాడు. హత్యానవల. ఒక్కటితో ఆగేది కాదు, వరసగా ఆరు రాయాలని సంకల్పం. ఆరింటికీ రంగస్థలం మా వేదాద్రి. హైదరాబాదులో పదవీ విరమణ చేసిన పోలీసు అధికారి ఒకాయన కృష్ణ ఒడ్డున ఇల్లు కట్టుకొని, ఖరీదైన గాలపుకర్ర పట్టుకొని పొద్దున్నే నీటి దగ్గర కూర్చుంటాడు. నవలకొక శవం దొరుకుతుంది. ఆయన గాలం పక్కనపెట్టి హంతకుణ్ణి పట్టుకొంటాడు. పట్టుకొన్నాక మళ్ళీ గాలం అందుకొంటాడు. భాష చురుగ్గా వుంది. కథ నడపటం తెలిసిన చెయ్యి. రాత్రి మొదలుపెట్టి తెల్లవారేలోగా ముగించాను. ముగించాక కోపం వచ్చింది. ఆ కోపానికి కారణం చెప్పుకోటానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక అపార్థం తొలగించాలి. డిటెక్టివ్ నవల రాయటమే అపరాధమని నేననటం లేదు. అలా అనే పెద్దలు మనలో కొందరున్నారు. ఈ రాతప్రతి సంగతి చెప్పగానే అటువంటి మిత్రుడొకరు "చెత్త, చించెయ్యమను" అన్నారు. చదవకుండానే అన్నారు. ఇది విమర్శ కాదు, మడికట్టుకోవటం. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర ఆ చేత్తోనే ‘పలకల వెండిగ్లాసు’ రాశాడు. అందుకు ఆయన కవిత్వానికి వచ్చిన మైల ఏమీ లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరూ, అతని అసిస్టెంటు రాజూ ఎన్ని వేలమందికి అచ్చు పుస్తకం చేతపట్టటం అలవాటు చేశారో, అద్దె పుస్తకాల దుకాణాల్లో పెరిగిన నా తరంవారికి తెలుసు. జగ్గయ్యపేటలో రోజుకింత అని అద్దె కట్టి, ఆ పుస్తకాలను దీపం ముందు నమిలి మింగినవాణ్ణి నేను. ఈ ప్రక్రియను ఈసడించే హక్కు నాకు లేదు.

కాని యుగంధర్ వుండేది మద్రాసులో. మన డిటెక్టివు ఎప్పుడూ పట్నవాసే. చిన్న వూరికి కారులో వస్తాడు, నిజం తేల్చి కారులో వెళ్ళిపోతాడు. నేరమైనా మన వూళ్ళో పుట్టవచ్చుగాని, తెలివి మాత్రం బయటినుంచే రావాలన్నమాట! 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ అనే సినిమాలో మొదటి అచ్చమైన మెచ్చుకోలు నేను ఇందుకే చేశాను: అందులో డిటెక్టివుకు బోర్డు వున్నది నెల్లూరులో. అతని గొప్పలూ, అతని తెలివితక్కువతనమూ, అతని పట్టుదలా అన్నీ ఆ వూరివే. కనుక చిన్న వూరి హత్యాకథలు వరసగా రావాలని నా యువమిత్రుడు కోరుకోవటంలో తప్పులేదు. తప్పు ఆ గాలపుకర్రలో వున్నది.

ఆ కర్ర ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలో ఇటువంటి నవలల వరసలు ఇప్పుడు రెండు మూడు పేరుపొందాయి. విక్టోరియా హ్యూస్టన్ 2000లో ‘డెడ్ యాంగ్లర్’తో మొదలుపెట్టి, విస్కాన్సిన్ ఉత్తరభాగంలో లూన్ లేక్ అనే కల్పిత పట్టణం చుట్టూ నవలలు రాసుకుంటూ వచ్చింది. వూరి పోలీసు అధికారిణి, విశ్రాంత దంతవైద్యుడు, చేపలవేటకు దారిచూపే గైడు - ముగ్గురూ కలిసి హత్యలు విప్పుతారు. కీత్ మెకాఫర్టీ 2012లో ప్రకటించిన ‘ది రాయల్ వుల్ఫ్ మర్డర్స్’ మోంటానా నదుల కథ. అక్కడి వేటను ఫ్లై ఫిషింగ్ అంటారు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి ఈగలాగా కనబడేటట్టు చేసి, బరువైన తాడును గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, చల్లటి ఏటినీటి మీద అల్లనల్లన వాలనిస్తారు. ట్రౌటు చేప దాన్ని పురుగనుకొని పట్టుకొంటుంది. పట్టిన చేపను చాలామంది మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారు. (ఈ చివరి సంగతి మా రేవులో చెప్పిచూశాను. ఎవరూ నమ్మలేదు.)

ఆ రచయితలను నేను తప్పుపట్టటం లేదు. వారు వారి నీళ్ళ గురించి రాస్తున్నారు. వారి గైడుకు నోరున్నది. పోలీసులకు తెలియని దారి అతనికి తెలుసునని ఆ కథలే ఒప్పుకొంటాయి. మనకు ఆ వేట తెల్లదొరలతో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లోనే మన దేశపు నదుల్లో గాలపువేట మీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని పెద్ద పుస్తకం రాశాడు. దొర పోయాడు, అతని కర్ర నా మిత్రుని విశ్రాంత అధికారి చేతికి వచ్చింది. కృష్ణలో బొచ్చె, రాగండి, ఎర్రమోసు, వాలుగ, జెల్ల వున్నాయి. వాటికోసం విసురువలలున్నాయి, సాయంత్రం కట్టి తెల్లవారుజామున తీసే వలలున్నాయి, ఎరగుచ్చిన గాలపుతాళ్ళున్నాయి. ఇవన్నీ పట్టినవాళ్ళు రాతప్రతిలో ఎక్కడ? ఉన్నారు. మొదటి అధ్యాయంలో ఒకడు పరుగున వచ్చి "అయ్యా, శవం!" అంటాడు. అంతే. అతనికి పేరు లేదు. రెండో అధ్యాయంలో లేడు.

ఈ అలవాటు కొత్తది కాదు. ఎడ్గార్ ఎలన్ పో 1842-43లో ప్రకటించిన ‘మేరీ రోజే రహస్యం’ చూడండి. న్యూయార్కులో మేరీ రోజర్స్ అనే అమ్మాయి చనిపోయి, 1841లో హడ్సన్ నదిలో తేలిన ఉదంతాన్ని పో పారిస్‌కు మార్చి రాశాడు. సీన్ నదిలో తేలుతున్న శవాన్ని ఒడ్డుకు చేర్చేది జాలరులే. ఆ తరువాత డుపాన్ పత్రికలు ముందేసుకొని, మునిగిన శవం ఎన్ని రోజులకు పైకి వస్తుందన్న ప్రశ్న మీద పేజీల తరబడి తర్కిస్తాడు. ఒడ్డున నిలబడి వున్న ఆ జాలరులను ఒక్కమాట అడగవచ్చుననే ఆలోచన మాత్రం ఆ మహామేధావికి రాలేదు! డికెన్స్‌కు వచ్చింది. ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ (1864-65) థేమ్స్ మీద మసక సాయంత్రం ఒక పడవతో మొదలవుతుంది. తండ్రి నీళ్ళలోకి చూస్తూ కూర్చుంటాడు, కూతురు తెడ్లు వేస్తుంది. పడవ వెనక శవం కట్టివుంటుంది. శవాల జేబులు తడిమి బతికే మనిషి అతను. హత్య చేశాడన్న నింద కూడా అతని మీదే పడుతుంది. కాని డికెన్స్ అతన్ని ఒడ్డున వదిలిపెట్టలేదు. ఆ కూతురు లిజీ నవల చివరిదాకా నడుస్తుంది.

నాకు పదేళ్ళున్నప్పటి మాట. మేము మామా అని పిలిచే జాలరి ఒకడు వేదాద్రి రేవులో వుండేవాడు. తిరునాళ్ళు వెళ్ళిన మూడో నాటి తెల్లవారుజామున అతని వలకు ఒక పడుచువాడి శవం తగిలింది. ఎవరో పైవూరివాడు. మామ వల కోసి వదిలించుకోలేదు. ప్రవాహానికి పోకుండా శవాన్ని గుంజకు కట్టి, తడిబట్టలతోనే వెళ్ళి మునసబుకు చెప్పాడు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "నువ్వెందుకు తాకావు?" రెండు రోజులు అతన్ని ఒక ఠాణాలో కూర్చోబెట్టారు. ఏ ఠాణా అన్నది ఇప్పుడు అనవసరం. వలను సాక్ష్యమని పట్టుకుపోయారు. ఆ వల తిరిగి రాలేదు. అత్త మెడలో పుస్తె తప్ప వున్నదంతా అమ్మి కొత్త వల నూలు కొనుక్కొన్నారు. ఆ తరువాత మామ కుర్రవాళ్ళకు ఒకటే బుద్ధి చెప్పేవాడు: "నీళ్ళలో ఏదన్నా తేలుతుంటే తెడ్డుతో అటు నెట్టెయ్యండ్రా, అవతలి ఒడ్డుకు పోనియ్యండి." అవతలి ఒడ్డు ఇప్పుడు పల్నాడు జిల్లా; ఇవతల ఎన్టీఆర్ జిల్లా; కాస్త ఎగువకు పోతే తెలంగాణ. శవం ఏ ఠాణా సరిహద్దులో వున్నదన్న వాదన తేలేసరికి సాక్ష్యం కుళ్ళిపోతుంది. హంతకుడికి ఇంతకంటే నమ్మకమైన తోడుదొంగ ఎవడు? ఆ తెడ్డు నెట్టిన భయంలో ఎన్ని హత్యలు ప్రమాదాలుగా లెక్కతేలాయో!

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. అనుమానాస్పద మరణం మీద శవపంచనామా జరిపేటప్పుడు ఆ చుట్టుపట్ల వుండే ఇద్దరు లేక అంతకుమించిన గౌరవనీయులు ఎదుట వుండాలి. 1898 చట్టంలో అది 174వ సెక్షను, 1973 చట్టంలోనూ 174వదే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో 194వది. నంబరు మారింది, గౌరవనీయులనే మాట మారలేదు. మామ వల పంచనామాకు ఎక్కింది. మామ గౌరవనీయుల్లోకి ఎక్కలేదు. ఇవాళ పుష్కరాలకో, పండుగ స్నానాలకో వచ్చినవాళ్ళు మునిగిపోతే గజ ఈతగాళ్ళు కావాలంటూ కబురువచ్చేది ఆ గుడిసెలకే. మునిగి వెతికి తెచ్చేదాకా అతను ఈతగాడు. తెచ్చి ఒడ్డున పెట్టిన మరుక్షణం పక్కకు జరగమంటారు.

"అన్నా, నేను రాసింది వినోదం కోసం, ఉపన్యాసం కోసం కాదు" అని నా మిత్రుడి వాదం. సరే, వినోదమే మాట్లాడుకొందాం. అతని కథలో రాత్రి ముక్త్యాల దగ్గర చంపి నీళ్ళలో పడేసిన శవం మర్నాటి పొద్దున వేదాద్రి రేవులో తేలుతుంది. అధికారి గాలం ముందుకే వస్తుంది. ఎలా వస్తుంది తమ్ముడూ? శవం ముందు మునుగుతుంది. లోపల కుళ్ళు పుట్టి, వాయువు చేరి, పొట్ట ఉబ్బితేగాని పైకి రాదు. మన ఎండాకాలపు వేడినీటిలో అది తొందరగా జరుగుతుంది, చలికాలంలో ఆలస్యమవుతుంది. రాత్రికి రాత్రి మాత్రం జరగదు. పైగా ఎగువన పులిచింతల వున్నది. 45 టిఎంసీల పైచిలుకు పట్టే జలాశయం. గేట్లు ఎత్తిన రోజు నది ఒకటి, దించిన రోజు నది మరొకటి. విద్యుత్కేంద్రానికి నీరు వదిలిన పూట మడుగులో వున్నది కదులుతుంది, ఆపిన పూట రాళ్ళ మధ్య నిలుస్తుంది. 2021 ఆగస్టులో ఒక గేటే కొట్టుకుపోయి నది తెల్లవారేసరికి పొంగింది. గేట్ల పుస్తకంలోని వేళలు, మడుగు లోతు, శవం ఉబ్బిన తీరు - ఈ మూడూ కలిపి చూస్తే ఎక్కడ, ఎప్పుడు నీళ్ళలో వేశారో చెప్పవచ్చు. ఎముకలోని మూలుగులో డయాటములనే నీటి సూక్ష్మజీవుల కోసం ప్రయోగశాలలో వెతుకుతారు. బతికుండగా నీరు మింగాడా, చచ్చాక పడేశారా అన్నది తేల్చుకోటానికి అదొక ఆధారం. ఇందులో ప్రయోగశాల పని ప్రయోగశాలది. తక్కినదంతా రేవులో వున్నవాడికి తెలుసు. అటువంటివాణ్ణి మొదటి పేజీలో కేకవేయించి పంపేసిన రచయిత సంఘానికి చేసిన అన్యాయం అటుంచండి, తన కథకే చేటు చేసుకొన్నాడు. అపరాధ పరిశోధన అంటే ఎవరికి ఏం తెలుసో కనుక్కోవటం కదా!

మా వూరి స్థలపురాణమే ఒక దొంగతనం కేసు. సోమకాసురుడు వేదాలను ఎత్తుకుపోయి నీళ్ళలో దాచాడు. సొత్తు పట్టుకొచ్చింది చేప రూపంలో వున్న దేవుడు. ఆ వేదాలే ఈ కొండ అయినాయంటారు. మిత్రుడికి ఈ మాట చెబితే నవ్వాడు. నవ్వి, తన డిటెక్టివును జాలరిగా మారిస్తే పాఠకులు ఒప్పుకొంటారా అని అడిగాడు. చదువులేనివాడు తర్కం చేస్తే నమ్ముతారా అన్నది అతని అసలు సందేహం. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఏ నీటి కింద ఏ రాయి వున్నదో చీకట్లో చెప్పగలవాడి తర్కాన్ని నమ్మరట. లండన్ పొగలో సిగారు బూడిద చూసి మనిషి వయసు చెబితే నమ్ముతారట!

చివరికి రాతప్రతి తీసుకుపోయాడు. పదిరోజుల తరువాత ఫోను చేశాడు. అధికారి ఇంకా వున్నాడట, కాని గాలపుకర్ర పోయిందట. శవాన్ని చూసినవాడు చెప్పాలా, తెడ్డుతో నెట్టాలా అని రాత్రంతా పడవలో కూర్చుని ఆలోచించటంతో నవల మొదలవుతున్నదట. ఒక సంగతి మాత్రం తెలియక ఆగిపోయాడు: పులిచింతలలో గేటెత్తితే ఆ నీరు వేదాద్రి మడుగుకు ఎంతసేపటికి అందుతుందని. నాకూ తెలియదు. రేవుకు వెళ్ళి అడగమన్నాను. తెల్లవారుజామున నాలుగింటికే వలల మీదికి పోతారు గనుక ముందురోజు సాయంత్రమే వెళ్ళి అక్కడ పడుకోమన్నాను.