ఎక్కువ ఫ్రీక్వెన్సీ అంటే ఎక్కువ వేడి కాదు



మైక్రోవేవ్ ఓవెన్ పేరు నేడు అందరికీ తెలుసు. కానీ ఫ్యాక్టరీలలో అదే తరహా పని చేసే రేడియో ఫ్రీక్వెన్సీ హీటింగ్ గురించి మనలో చాలామంది విననే లేదు. ఫ్రీక్వెన్సీ పెరిగితే శక్తి పెరుగుతుందని ఫిజిక్స్‌లో చదివాం కనుక మైక్రోవేవే గొప్పదని అనుకుంటాం. ఇది సరికాదని నా అభిప్రాయం. పరీక్షలో తప్పు రాస్తే పోయేది రెండు మార్కులే. రేపు ఇంజనీరుగా ఇదే నమ్మి యంత్రం కొనిపిస్తే పోయేది యజమాని లక్షలు, కార్మికుల ఉపాధి.

రెండింటి సూత్రం ఒక్కటే. మారుతూ ఉండే విద్యుత్ క్షేత్రం నీటి అణువులను, అయాన్లను కదిలిస్తుంది. వేడి వస్తువు లోపలే పుడుతుంది. తేడా తరంగదైర్ఘ్యంలో ఉంది. పరిశ్రమలలో వాడే 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. 2450 మెగాహెర్ట్జ్ మైక్రోవేవ్ పొడవు సుమారు 12 సెంటీమీటర్లే.

రంగు వేసిన నూలు కోన్లనే తీసుకుందాం. వేడి గాలితో ఆరబెడితే పైపొర ఎండిపోతుంది, లోపల తడి మిగులుతుంది. తడి కోను మీద 2450 మెగాహెర్ట్జ్ మైక్రోవేవ్ పడితే దాని శక్తి చాలావరకు పైన కొద్ది సెంటీమీటర్లలోనే ఖర్చవుతుంది. రెండు లోహపు పలకల మధ్య రేడియో ఫ్రీక్వెన్సీ క్షేత్రంలో ఉంచితే కోను లోపలి దాకా వేడెక్కుతుంది. తడి ఎక్కువున్న చోట వేడి ఎక్కువ పుడుతుంది, ఎండిన చోట తక్కువ. అందుకే వస్త్ర పరిశ్రమ దీనిని వాడుతోంది.

అలాగని మైక్రోవేవ్ పనికిరానిదని కాదు. వంకర టింకర వస్తువులను పలకల మధ్య పెడితే క్షేత్రం సమంగా ఉండదు, నిప్పురవ్వలు లేచే ప్రమాదం కూడా ఉంది. అక్కడ మైక్రోవేవే మేలు. అచ్చు నుండి వచ్చే రబ్బరు పట్టీలను గట్టిపరచడానికి దానినే వాడుతున్నారు.

ఇంకొక మాట. కరెంటు ఖరీదైనది. నీరంతా దానితోనే ఆవిరి చేయడం దుబారా. ముందుగా నూలును యంత్రంలో గిరగిరా తిప్పి నీరు పిండి, మిగిలిన తడికే ఈ పద్ధతి వాడాలి.

కావున మిత్రులారా! పాలిటెక్నిక్‌కు, ఐటీఐకి వెళ్ళే మనం ఏ యంత్రం ముందు నిలబడినా మూడు ప్రశ్నలు వేద్దాం. వస్తువు మందం ఎంత? ఆకారం ఏమిటి? తడి ఎంత? పేరు చూసి కాదు, పని చూసి పనిముట్టును ఎంచుకుందాం.