తీరిక వేళ: నీడను చూసి వెలుతురు కొలుద్దాం

మన ఇళ్లలో చాలాచోట్ల బీరువా పై అరలో, తోలుసంచిలో ఒక పాత కెమెరా ఉంటుంది. తాతగారిదో, ఒకప్పుడు స్టూడియో నడిపిన పెదనాన్నగారిదో అయివుంటుంది. ఇప్పటి పిల్లలు దాన్ని బయటికి తీసి "ఇది పనిచేస్తుందా?" అని అడుగుతున్నారు. చాలావరకు పనిచేస్తుంది. కాకపోతే సెల్‌ఫోను లాగా తనంతట తానే వెలుతురు సరిచూసుకోదు. ఆ పని మనమే చేయాలి. ఎలాగో ఈసారి చూద్దాం.

ఉదాహరణకు యాషికా మ్యాట్ 124జి తీసుకుందాం. తల వంచి పైనుంచి చూసే, రెండు లెన్సుల జపాను కెమెరా. 120 రోలు వేస్తే వచ్చేవి 12 ఫోటోలే. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు 'ఇందు' పేరుతో మన దేశంలోనే ఫిలిం తయారుచేసేవారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు దొరికేది ఎక్కువగా దిగుమతి సరుకు, ఖరీదూ ఎక్కువే. అంచేత ప్రతి ఫోటో ఆచితూచి తీయవలసిందే.

వెలుతురు లెక్క కుళాయి కింద బిందె పెట్టడం లాంటిది. లెన్సులోని రంధ్రం, అంటే అపెర్చరు, కుళాయి తిప్పిన మేర. షట్టరు, నీళ్లు వదిలిన సేపు. ఫిలిం స్పీడు, బిందె సైజు. 100 స్పీడు ఫిలిం పెద్ద బిందె. 400 స్పీడుది అందులో నాలుగో వంతు వెలుతురుకే నిండే చిన్న బిందె. బిందె నిండాలి, మరీ పొర్లకూడదు. అంతే.

అపెర్చరు అంకెలు మాత్రం కొత్తవారిని తికమక పెడతాయి. 4, 5.6, 8, 11, 16 అని ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి సగం తగ్గుతుంది. షట్టరు కూడా అంతే: సెకనులో 60వ వంతు నుంచి 125వ వంతుకు మారిస్తే వెలుతురు సగమవుతుంది. అందుకే ఒకవైపు ఒక మెట్టు తగ్గించి, రెండోవైపు ఒక మెట్టు పెంచితే లెక్క సరిపోతుంది.

మరి మొదలెక్కడ? పాత ఫోటోగ్రాఫర్ల సూత్రం ఒకటుంది. మంచి ఎండలో అపెర్చరు 16 పెట్టి, షట్టరును ఫిలిం స్పీడుకు దగ్గరి అంకె మీద ఉంచాలి. 100 ఫిలిముకు 125, 400 ఫిలిముకు 500. ఆపైన నేల మీది నీడను చూడండి. అంచులు కోసినట్టు స్పష్టంగా ఉంటే 16. అంచులు మెత్తబడితే 11. నీడ కనీకనిపించకుండా ఉంటే 8. దట్టంగా మబ్బు పట్టి నీడే లేకపోతే 5.6. ఆకాశం కనిపించే అరుగు మీద, గోడ నీడలో కూర్చున్నవారికి 4.

మీటరు ఉంది కదా అంటారా? ఆ కెమెరాకు మొదట వాడిన పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. బదులుగా వేసే 1.5 వోల్టుల బ్యాటరీతో ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు చూపవచ్చు. దాన్ని నమ్మితే ఫోటో నల్లబడుతుంది. పైగా మీటరుకు తెల్ల పంచె అని, నల్ల కోటు అని తెలియదు. అన్నింటినీ మధ్యరకం బూడిద రంగుగానే లెక్కిస్తుంది. తెల్ల పంచెలు కట్టుకున్న పెద్దలు వరుసగా నిలబడితే వెలుతురు తగ్గించమంటుంది; పంచెలు బూడిదరంగుకు తిరిగి, ముఖాలు నల్లబడతాయి. ముఖం దగ్గరికి వెళ్లి కొలిచి, వెనక్కి వచ్చి అదే అంకె మీద తీయండి. అనుమానం వస్తే ఒక మెట్టు ఎక్కువే ఇవ్వండి. నెగెటివ్ ఫిలిం ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు. నీడలో అచ్చుపడని కన్నులను తరవాత ఎవరూ తెప్పించలేరు.

ఫిలిం వేయకముందు వెనక మూత తెరిచి, షట్టరును ఒక సెకనుకు పెట్టి నొక్కి చూడండి. రెండు సెకన్లు తెరిచి ఉంటే లోపలి నూనె గట్టిపడిందన్నమాట. మెకానిక్‌కు చూపించాలి.

మొదటి రోలును చదువుకోడానికే కేటాయించండి. 100 ఫిలింతో అరుగు మీద ఇంట్లోవారినే కూర్చోబెట్టి, అపెర్చరు 4 వద్ద ఉంచి, షట్టరును 250, 125, 60, 30కి మారుస్తూ నాలుగు తీయండి. 30 దగ్గర చెయ్యి కదలకుండా కెమెరాను బల్లమీద ఆనించాలి. ప్రతిదానికీ నోటుబుక్కులో అంకెలు, వేళ, నీడ ఎలా ఉందో రాయండి. కడిగి వచ్చాక ప్రింటును కాదు, నెగెటివ్‌ను దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. ప్రింటు వేసేవారు మన తప్పొప్పులను కొంత సర్దేస్తారు. నెగెటివ్‌లో జుట్టు, చీర మడతలు ఖాళీ గాజులా ఉంటే వెలుతురు చాలలేదు. అక్కడ కూడా సన్నని గీతలు కనిపిస్తే సరిపోయింది.

రెండో రోలు మాత్రం ఆలస్యం చేయకండి. అది మీ ఇంటి పెద్దలకు. యానాంలో అమ్మమ్మ అయినా, హోసూరులో తాతయ్య అయినా పొద్దున్నే అరుగు మీదికి వచ్చినప్పుడు, నీడను ఒకసారి చూసుకుని తీయండి. ఆ నెగెటివ్‌లను, నోటుబుక్కును ఒకే కవరులో పెట్టి, పైన పేరు, తేదీ రాసి దాచండి.