నక్షత్ర విశేషం

తెలుగు నిఘంటువులకు ఒక పాత అలవాటు ఉన్నది. పువ్వు పేరు వెతికితే "పుష్పవిశేషము" అంటాయి. పిట్ట పేరు వెతికితే "పక్షివిశేషము" అంటాయి. ఏ పువ్వు, ఏ పిట్ట అని అడగడానికి వీలులేదు. ఆ మాటను వాడుకునే రైతుకూ బోయవాడికీ అది ఏదో తెలుసు. అర్థం రాసిన పండితుడికి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించి "విశేషము" అన్నాడు. చుక్కల పేర్ల గతీ ఇంతే. పల్లె నోట వినిపించే చుక్క పేరు పుస్తకంలోకి ఎక్కేసరికి "నక్షత్రవిశేషము" అయి కూర్చుంటుంది.

ఆ పండితుడిని నేను పూర్తిగా తప్పు పట్టను. ఒక పేరు ఏ చుక్కదో కాగితం మీద రాసి చూపడం ఆయన కాలంలో సులభం కాదు. చుక్క నిలకడగా ఉండదు. నెలకు ఒక చోట, జాముకు ఒక చోట కనిపిస్తుంది. కాని ఈనాటి తెలుగు అధ్యాపకుడికి ఆ సాకు లేదు.

స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేరు ఉన్నది. 2000 ప్రాంతంలో ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి యువకుడు దానిని మొదలుపెట్టాడు. తరువాత ఎన్నో దేశాల వారు చేతులు కలిపారు. దానికి వెల లేదు. లోపలి రాత కూడా అందరికీ తెరిచే ఉంటుంది, చదవవచ్చు, మార్చవచ్చు. కంప్యూటరులో మెదకు పట్టణపు అక్షాంశం 18 డిగ్రీలు, రేఖాంశం 78 డిగ్రీల చిల్లర అని ఇస్తే మన చర్చి గోపురం మీది ఆకాశం తెర మీదికి వస్తుంది. తేదీ మార్చవచ్చు, గంట మార్చవచ్చు. మన తాతల కాలపు రాత్రిని కూడా పిలిచి చూడవచ్చు. వీటన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. చుక్కలను కలిపే గీతలూ, ఆ గుంపుల పేర్లూ, బొమ్మలూ మనకు తెలిసినట్లు మార్చుకోవచ్చు.

అందులో ఏ ప్రజ ఆకాశం ఆ ప్రజకు ఉన్నది. చీనా వారి ఆకాశం ఉన్నది. న్యూజిలాండు మావోరీలది, అమెరికా నవాహోలది, మంచుదేశపు ఇన్యూట్‌లది ఉన్నది. ఆస్ట్రేలియాలో బూరాంగ్ అనే చిన్న తెగ వారి ఆకాశం కూడా ఉన్నది. ఆ తెగ చెదిరిపోయింది. వారి చుక్కల పేర్లు మిగిలాయంటే, విలియం స్టాన్‌బ్రిడ్జి అనే భూస్వామి ఆ తెగవాళ్ళ పక్కన కూర్చొని విని, 1857లో మెల్‌బోర్నులోని విద్వత్సభలో చదివి వినిపించాడు గనుక మిగిలాయి. వాళ్ళ నేలను ఆక్రమించిన వర్గానికి చెందినవాడు వాళ్ళ ఆకాశాన్ని రాసిపెట్టాడు. ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారి ఆకాశం మాత్రం ఆ పట్టికలో నాకు కనిపించలేదు. మన చుక్కలను రాయకుండా మనల్ని ఆపినది ఎవరు?

ఈ ప్రశ్న ఆ మధ్య ఒక అధ్యాపక గోష్ఠిలో లేవనెత్తాను. మూడు రకాల జవాబులు వచ్చాయి. మూడింటినీ పరీక్షించవలసి ఉన్నది.

మొదటి జవాబు: "అది సైన్సు వాళ్ళ పని. పల్లెజనం పేర్లలో శాస్త్రం ఏముంది?" అన్న మిత్రుడికి ఒక చిన్న పని చెప్పాను. జూను 1 మధ్యాహ్నం ఆకాశం తెర మీద పెట్టండి. వాతావరణాన్ని తీసివేసే మీట నొక్కండి. నీలి వెలుగు పోయి పట్టపగలే చుక్కలు బయటపడతాయి. సూర్యుడికి కొంచెం దక్షిణంగా ఎర్రని చుక్క ఒకటి ఉంటుంది. అదే రోహిణి. మే 25 మొదలు జూను 7 దాకా నడిచేది రోహిణి కార్తె. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన రైతు అంటాడు. సూర్యుడి వెలుగులో మునిగిపోయి కంటికి కనిపించని చుక్క పేరుతో ఆ పక్షాన్ని పిలుస్తున్నాడు. తెల్లవారుజామున ఏ చుక్క మాయమైనదో, కొన్నాళ్ళకు ఏది తిరిగి వచ్చినదో తరతరాలుగా చూసిన కళ్ళు లేకుండా ఈ లెక్క పుట్టదు. విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చిన లెక్క ఇది. దీనికి శాస్త్రం అన్న పేరు దక్కకపోతే ఆ లోటు పేరుపెట్టే వాళ్ళదే.

అట్లాగని కార్తెలకు దండం పెట్టమని నేను అనడం లేదు. భూమి ఇరుసు మెల్లగా తిరుగుతున్నది. అందువల్ల చుక్కలను పట్టుకొని నడిచే కార్తె సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఋతువు నుంచి జారిపోతున్నది. వెయ్యేళ్ళలో రెండు వారాలు జారుతుంది. ఈ లోపాన్ని కూడా తెర మీదనే చూడవచ్చు.

రెండవ జవాబు మనవాళ్ళదే. "నక్షత్రాలంటే జాతకాలు. అభ్యుదయవాదికి ఆ మురికిలో చేయి పెట్టే పని ఏమిటి?" ఈ మాట వినడానికి వీరోచితంగా ఉంటుంది, నిజానికి పలాయనం. మనం వదిలేసిన ఆకాశాన్ని ఎవరు పట్టుకున్నారు? వీధి వీధినా కంప్యూటరు జాతకాల దుకాణం ఉన్నది. గవ్వలు పోయి యంత్రం వచ్చింది గనుక చెప్పేది సైన్సే అని జనాన్ని నమ్మిస్తున్నారు. అదే కంప్యూటరులో అసలు ఆకాశం తెరిచి చూపితే ఆ నమ్మకం ఎంతసేపు నిలుస్తుంది? నవంబరు చివరి నుంచి డిసెంబరు నడిమి దాకా సూర్యుడు ఒఫియుకస్ అనే పాములవాడి మండలం గుండా పోతాడు. పన్నెండు రాశుల లెక్కలో ఆ పాములవాడికి చోటే లేదు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని పండుగ చేసేది జనవరి నడుమ. సుమారు 24 డిగ్రీల ఈ తేడా గురించి వంద ఉపన్యాసాలు ఇచ్చినా తలకెక్కనిది, తేదీని ముందుకూ వెనక్కూ జరిపితే పదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. ఆకాశం జ్యోతిష్కుడి సొత్తు కాదు. దానిని ఆయనకు ధారాదత్తం చేసి మనం చేతులు కడుక్కున్నాము.

మూడవ జవాబు అందరికన్న ధీమాగా వచ్చింది. "భారతీయ ఆకాశం అందులో ఉన్నది కదా! అశ్విని, భరణి, కృత్తిక అన్నీ ఉన్నాయి. మళ్ళీ తెలుగు ఆకాశం ఏమిటి?" ఉన్నది వైదిక సంప్రదాయపు పట్టిక. దాని విలువను నేను కాదనను. రోహిణి పేరు మన రైతు అందుకున్నది ఆ సంప్రదాయం నుంచే. కాని అది ఒక్కటే మన ఆకాశమనడం, గుడి ఒక్కటే ఊరు అన్నట్లు ఉంటుంది. ఉత్తరాన కనిపించే ఏడు చుక్కలు ఆ పట్టికలో సప్తర్షులు. మా అమ్మమ్మకు అవి ముసలవ్వ మంచం. నాలుగు చుక్కలు మంచపు కోళ్ళు. తక్కిన మూడు, మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. ఇది ఆమె ఒక్కదాని ఊహ కాదని తరువాత తెలిసింది. మహారాష్ట్ర గోండుల చుక్కలను గురించి మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే 2013లో ప్రచురించిన పరిశోధనలో ఆ మంచమూ ఉన్నది, ఆ దొంగలూ ఉన్నారు. కృత్తికలు ఆమెకు పిల్లలకోడి. మంచం, కోడి, కావడి - పనిచేసే వాళ్ళ ఇంటి సామాను ఆకాశానికి ఎక్కింది. ఋషులను పైకెక్కించిన సంప్రదాయానికి గ్రంథాలున్నాయి. మంచాన్ని ఎక్కించిన సంప్రదాయానికి నోరు తప్ప మరేమీ లేదు. ఆ నోళ్ళు ఏటేటా మూతపడుతున్నాయి.

పైగా, గ్రంథాల ఆకాశాన్నయినా మనం చూస్తున్నామా? పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు పైకి చెయ్యి చూపి అరుంధతి అంటాడు. పెళ్ళికొడుకు కనిపించిందంటాడు, పెళ్ళికూతురు తల ఊపుతుంది, ఫోటో తీస్తారు. ఆ గడియలో అరుంధతి అసలు దిగంతానికి పైన ఉన్నదో లేదో తెర మీద రెండు నిమిషాలలో తేలుతుంది. చూడకుండానే చూశామనడం పెళ్ళిపందిట్లో ఆచారం. నిఘంటువులో అదే పాండిత్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా విద్యార్థి ఒకడు కురుమల పిల్లవాడు. వాడి తాత చిన్ననాటి నుంచి మంద వెంట తిరిగి, ఎవరి పొలంలో మంద పెడితే ఆ పొలంలోనే పడుకున్న మనిషి. ఒక సాయంత్రం ఆయనకు కంప్యూటరులో ఆకాశం చూపించాను. కాసేపు చూసి, "గిది ఏ యాళ్ళది సారూ? పొద్దు ఎటు పోయింది?" అన్నాడు. మాకెవరికీ తోచని ప్రశ్న అది. వేళా దిక్కూ చెప్పకుండా చుక్కను చూపడం అర్థం లేని పని అని ఆయనకు తెలుసు. సంక్రాంతి రోజులు, రాత్రి పది దాటిన వేళ, దక్షిణం ముఖంగా పెట్టాను. వెంటనే నడినెత్తికి దగ్గరగా వరుసగా ఉన్న మూడు చుక్కల మీద వేలు పెట్టాడు. "గొల్లకావడి. గది పడమట దిగితే ఇంకో జాముకు తెల్లారుతది" అన్నాడు. గడియారాన్ని నాలుగింటి దాకా తిప్పాను. మూడు చుక్కలూ పడమటి దిగంతానికి చేరాయి. ఆ రోజులలో మెదకులో తెల్లవారేది ఆ తరువాత సుమారు మూడు గంటలకే. ఆయన మాట నిలిచింది.

మరుసటి వారం తరగతిలో ఈ సంగతి చెబితే ఇంకో పిల్ల లేచింది. "మా నాయనమ్మ గొల్లకావడి అనేది వానాకాలంలో కనపడేదాన్ని, సార్" అన్నది. తెర తెచ్చి ఆగస్టు రాత్రి చూపించాము. ఆ పిల్ల చెప్పినది శ్రవణం. నడుమ పెద్ద చుక్క, అటూ ఇటూ చిన్నవి రెండు. కావడి మోసే మనిషీ, రెండు కుండలూ! ఒకే జిల్లాలో ఒకే పేరు, రెండు చోట్ల చుక్కలు. ఏది సరి? నా మటుకు రెండూ సరే. "నక్షత్రవిశేషము" అని రాసినవాడికి ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

ఇప్పుడు దీనిని రాసిపెట్టే విధానం చూడండి. 1989లో ఐరోపా దేశాలు పైకి పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం లక్షా పద్దెనిమిది వేలకు పైగా చుక్కల స్థానాలు కొలిచింది. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క సంఖ్య ఉన్నది. స్టెల్లేరియంలో గీతలు గీయడమంటే ఆ సంఖ్యలను వరుసగా ఒక ఫైలులో రాయడమే. తాత చెప్పిన కావడి 25930, 26311, 26727. నాయనమ్మ చెప్పిన కావడి 97278, 97649, 98036. పక్కన పేరు, ఊరు, చెప్పినవారి వృత్తి, నెల, వేళ. ఇంతే పని. ఈ ఆరు సంఖ్యలతో ఒక మాటకు అర్థం తేలింది. ఇది ఖగోళశాస్త్రం కాదు, నిఘంటు నిర్మాణం. తెలుగు శాఖల పని.

ఆకాశపటాలు మనకు పరాయి సంగతి కూడా కాదు. 1887లో పారిసులో చేరిన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి కొలవాలని నిశ్చయించి, పట్టీలుగా కోసి వేధశాలలకు పంచారు. అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ తరువాత హైదరాబాదుకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, 1908లో ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చి, దశాబ్దాలపాటు ఆ పని చేసింది. గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా సూక్ష్మదర్శినిలో చూసి కొలిచి, రాసి, లెక్క కట్టిన గుమాస్తాల పేర్లు ఎవరికీ గుర్తులేవు. వారి కొలతలు, ఇతర వేధశాలల కొలతలతో కలిసి, చుక్కలు ఏళ్ళ తరబడి ఎంత కదిలాయో తేల్చడానికి 2000లో వెలువడిన తైకో-2 పట్టికలో ఉపయోగపడ్డాయి. స్టెల్లేరియం ఏళ్ళపాటు ఆధారపడిన పట్టికలలో అది ఒకటి. అంటే ప్రపంచపు చుక్కల పటంలో మన శ్రమ ఉన్నది, మన మాట లేదు. కూలి మనదీ పేరు ఒకరిదీ అన్న పాత కథే ఇది. కాకపోతే ఈసారి పేరు పెట్టుకోవద్దని మనకు అడ్డుపడిన దొర ఎవడూ లేడు.

ఈ పనిలో ప్రమాదాలు లేకపోలేదు. పేర్లు చాలకపోతే కల్పించాలనిపిస్తుంది. మోటుగా ఉన్న పేరుకు సంస్కృతపు చొక్కా తొడగాలనిపిస్తుంది. రెండు ఊళ్ళు రెండు మాటలు చెబితే ఒకదానిని కొట్టివేసి "ప్రామాణికం" చేయాలనిపిస్తుంది. ఈ మూడూ దొంగతనాలే. విన్నది విన్నట్లు రాయాలి. తేడా ఉంటే తేడాను రాయాలి. ఎవరు చెప్పారో వారి ఊరూ పనీ రాయాలి. తెర చూసి ఆకాశాన్ని మరిచిపోతారని భయపడే వారికి ఒకటే మాట: ముందు మైదానంలో నిలబడి వేలు చూపించిన దిక్కు రాసుకోండి, తరువాతే కంప్యూటరు తెరవండి. మెదకు నుంచి పది మైళ్ళు బయటికి పోతే పాలవెల్లి కంటికి కనిపించే పొలాలు ఇంకా ఉన్నాయి.

ప్రతి కళాశాలలో తెలుగు శాఖ ఉన్నది. ప్రతి శాఖలో ఒక కంప్యూటరు ఉన్నది. ప్రతి తరగతిలో కురుమల పిల్లలు, బెస్తల పిల్లలు, లంబాడాల పిల్లలు, రైతుల పిల్లలు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో చుక్క చూసి వేళ చెప్పగల ముసలివాళ్ళు కొందరైనా మిగిలి ఉన్నారు. ఒక్క ఏడాది, శాఖకు ఇరవై పేర్లు - ఇంతకుమించి నేను అడగడం లేదు. కవిత్వంలో నక్షత్రాలను పిడికిళ్ళ కొద్దీ చల్లే మన రచయితలు కూడా వాటిలో ఒక్కదానినైనా వేలితో చూపగలిగే స్థితికి రావాలి.

ఈ పని మనం చేయకపోతే రేపటి నిఘంటువు గొల్లకావడిని కూడా నక్షత్రవిశేషమనే అంటుంది. అప్పుడు ఏ చుక్క అని అడగడానికి పోతే, చెప్పవలసిన తాత ఉండడు.