తెలియని మాటకు తల దించుకోవద్దు



ఈ మధ్య మనకు తెలిసిన ఒక చెల్లెలు ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చుంది. పనిలో దిట్ట. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. చదువు ఎప్పుడు పూర్తయిందని అడిగితే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని చెప్పింది. తెర మీద ఉన్న ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. ఎందుకో ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత బాగా తెలిసిన ప్రశ్నలకు కూడా నీళ్లు నమిలింది. ఉద్యోగం రాలేదు.

మన దేశంలో 'పాస్ అవుట్' అంటే చదువు ముగించడం. ఇంగ్లండ్‌లో మామూలుగా ఆ మాటకు అర్థం స్పృహ తప్పి పడిపోవడం. అంటే, "2019లో నేను మూర్ఛపోయాను" అని ఆమె చెప్పినట్టయింది. ఆమె చేసిన తప్పు అంతే. ఆమె నైపుణ్యంలో లోపం లేదు, వ్యాకరణంలోనూ లోపం లేదు.

ఈ సంగతి విన్నాక మేము ఒక విషయం ఆలోచించాం. పెద్ద మాటలు పుస్తకాల్లో దొరుకుతాయి. చిన్న మాటలు ఇళ్లలో దొరుకుతాయి. నర్సింగ్ పుస్తకంలో 'వామిటింగ్' ఉంటుంది. మంచం మీది రోగి మాత్రం 'ఐ త్రూ అప్' అంటాడు. పుస్తకంలో 'కాన్షస్‌నెస్' ఉంటుంది. డాక్టరు 'హాజ్ షి కమ్ రౌండ్?' అని అడుగుతాడు, తెలివి వచ్చిందా అని. త్రో, కమ్, పాస్ అనే మాటలు మన పిల్లలకు ఒకటో తరగతి నుంచే తెలుసు. వాటి పక్కన అప్, అవుట్, రౌండ్ చేరితే అర్థమే మారిపోతుందని వాళ్లకు చెప్పినవారు లేరు.

ఇంట్లో ఇంగ్లీషు వినే పిల్లలకు ఇవి ఎవరూ నేర్పనక్కర్లేదు. 'నీళ్లు నమలడం' అంటే ఏమిటో మనకు ఏ బడిలో నేర్పారు? అమ్మమ్మ నోట విన్నాం, అంతే. ఇంగ్లీషు మాట్లాడే గదుల్లోకి మన తాతలను, అమ్మానాన్నలను రానిచ్చిన రోజులు తక్కువ. ఆ గదుల్లో పుట్టినవారికి వారసత్వంగా వచ్చిన మాటలను 'టాలెంట్' అంటున్నారు. అవి రాని మన పిల్లలను 'కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు' అని పక్కన పెడుతున్నారు. అందుకే ఇది కేవలం భాష సమస్య కాదు, న్యాయం సమస్య కూడా. సావిత్రీబాయి ఫూలే పందొమ్మిదో శతాబ్దంలోనే అణగారిన కులాల వారిని ఇంగ్లీషు నేర్చుకోమని కవితల్లో పిలిచింది ఇందుకే.

మన పిల్లలకు భాషలు అబ్బవని మాత్రం ఎవరూ అనకూడదు. కోలార్‌లో మన పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వీధిలో తమిళం మాట్లాడతాడు. బరంపురంలో ఒడియా, సోలాపూర్‌లో మరాఠీ, హోసూరులో తమిళం మనవాళ్ల నాలుక మీద తెలుగుతో పాటే ఆడతాయి. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో పెద్దలు ఫ్రెంచి కూడా నేర్చుకున్నారు. మనలో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష, నాలుగో భాష. మూడు భాషలు మోస్తున్నవాడు నాలుగోదానిలో తడబడితే, ఒకే ఒక్క భాష తెలిసినవాడు నవ్వడం ఏం న్యాయం?

ఇక నేర్చుకునే సంగతికి వద్దాం. మొదట మన తెలుగునే నిచ్చెనగా వేసుకుందాం. అరుదుగా జరిగేదాన్ని ఇంగ్లీషువారు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటారు. మనం 'అమావాస్యకో పున్నానికో' అంటాం. ఇద్దరమూ చంద్రుణ్ణే చూశాం. అసలు సంగతి చెప్పకుండా చుట్టూ తిప్పితే వారు 'బీటింగ్ అరౌండ్ ద బుష్' అంటారు. మనం 'డొంకతిరుగుడు' అంటాం. సులువైన పని వారికి 'పీస్ ఆఫ్ కేక్', మనకు నల్లేరు మీద బండి నడక. ఇలా జత కలిపి నేర్చుకుంటే మరచిపోం. అయితే మాటకు మాట మార్చి మాత్రం చెప్పకూడదు. కడుపు మండిందని 'మై స్టమక్ ఈజ్ బర్నింగ్' అంటే అసిడిటీ మాత్ర ఇస్తారు.

క్రైస్తవులమైన మనకు మరో దారి కూడా ఉంది. ఆఫీసుల్లో, పత్రికల్లో వాడే ఎన్నో నుడికారాలు ఇంగ్లీషు బైబిలు నుంచి వచ్చినవే. 'రైటింగ్ ఆన్ ద వాల్' అంటే రాబోయే కీడుకు సూచన. బెల్షస్సరు విందులో గోడ మీది వ్రాత మనకు తెలియనిదా? 'గో ద ఎక్స్‌ట్రా మైల్' అంటే అడిగినదానికంటే ఎక్కువ చేయడం. రెండో మైలు మాట కొండమీది ప్రసంగంలోది. 'వాష్ యువర్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్' అంటే బాధ్యత వదిలించుకోవడం. అది పిలాతు చేసిన పని. దేన్నీ ఊరికే నమ్మనివాడు 'డౌటింగ్ థామస్', మన తోమా. సండేస్కూల్లో విన్న కథల్లోనే వీటి తాళంచెవులు ఉన్నాయి.

ఇంకో మాట. అధికారంలో ఉన్నవారిని 'ద పవర్స్ దట్ బి' అంటారు. ఆ మాట ఇచ్చింది విలియం టిండేల్. లేఖనాలు సామాన్యుల భాషలో ఉండాలని కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో అచ్చు వేయించాడు. ఆనాడు పండితుల భాష లాటిన్, ఇంగ్లీషు పొలం దున్నేవారి భాష. మతద్రోహి అని ముద్ర వేసి 1536లో ఆయనను చంపారు. ఇవాళ మనల్ని భయపెడుతున్న ఈ భాష కూడా ఒకప్పుడు చిన్నచూపు చూడబడినదే!

యువతీయువకులారా, మీకు మా సలహా ఇది. జాబితాలు బట్టీ పట్టకండి. రోజుకు ఒక మాట చాలు, దాన్ని విన్న వాక్యంతో సహా నోటుబుక్కులో రాసుకోండి. బ్యాంకు, బస్సు, ఆసుపత్రి, ఇంటర్వ్యూ అని సందర్భాల వారీగా రాసుకుంటే ఇంకా మంచిది. ముందు అర్థం చేసుకోండి, నాలుగుసార్లు విన్నాకే వాడండి. 'ప్రీపోన్' లాంటి మన దేశపు ఇంగ్లీషు మాటలు తప్పు కాదు, ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు కూడా ఎక్కింది. ఎక్కడ చెల్లుతుందో తెలిసి వాడితే చాలు. అన్నిటికంటే ముందు ఒక వాక్యం నేర్చుకోండి: 'సారీ, వాట్ డు యు మీన్ బై దట్?' అర్థం కానప్పుడు అడగడం సిగ్గు కాదు. అర్థమైనట్టు తల ఊపడమే ప్రమాదం.

ఇంగ్లీషు వచ్చిన అన్నలకు, అక్కలకు కూడా ఒక మనవి. యూత్ మీటింగ్ తర్వాత ఒక అరగంట కూర్చోండి. మీరు ఆఫీసులో ఆ వారం విన్న ఐదు మాటలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. తప్పు దిద్దండి, నవ్వకండి. మీరు దాటిన గడప అవతల నిలబడి ఇవతలివారి ఉచ్చారణను వెక్కిరిస్తే, మనల్ని ఇన్నాళ్లు బయట ఉంచినవారి పనే మీరూ చేసినట్టు. ఇంట్లో తెలుగు మాత్రం మానకండి. నిచ్చెన తీసేస్తే పైకెక్కేది ఎలా?

ఆ చెల్లెలు మళ్లీ ఇంటర్వ్యూకు సిద్ధమవుతోంది. ఈసారి 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019' అని చెబుతుంది. ఆ ఒక్క మాట ముందే చెప్పే మనిషి ఆమెకు మన మధ్య దొరకకపోవడం మన లోటు. ఇంకొకరి విషయంలో ఆ లోటు జరగనివ్వకుండా చూద్దాం.