ఆ పిల్ల ఏడుపు మనకి పట్టదా?

‘‘రేపట్నించి నేను రాను సిస్టర్. భయంగా ఉండాది. మా నాయనొచ్చి తీసకపోతాడు.’’

పుత్తూరు దగ్గర పల్లె నుంచి తిరుపతికి జి.ఎన్.ఎం. చదవడానికొచ్చిన పిల్ల. రెండో సంవత్సరంలో మానసిక రోగుల వార్డుకి వేశారు. మొదటిరోజే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ‘నువ్వు నా కూతురివే’ అని వదల్లేదట. కొట్టలేదు, తిట్టలేదు. అయినా పిల్ల వణికిపోయింది. నేనేమో మందుల ట్రే చేతిలో పెట్టుకుని, ‘‘నర్సువి కావాలనుకుని ఏడుపేమిటే!’’ అనేశాను. రిటైరై నాలుగేళ్లయినా ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది.

సర్జరీ వార్డులో చేతికి పనుంటుంది. డ్రెస్సింగు, ఇంజక్షను. ఇక్కడ పక్కన కూర్చుని వినడమే పని. అది మనం నేర్పందే ఎలా వస్తుంది? చెయ్యి విదిలించుకోకూడదని, ‘అవునమ్మా, నీ కూతుర్నే’ అని అబద్ధమూ చెప్పకూడదని, ‘కూతురు గుర్తొచ్చిందా’ అని అడగొచ్చని, తలుపుకి దగ్గరగా కూర్చోవాలని నేను ముందే చెప్పి ఉంటే ఆ పిల్ల అంత బెదిరేది కాదు. మూడోరోజు సీనియర్ పిల్ల నచ్చజెప్పి తీసుకొచ్చాక చెప్పాను. వారం తిరక్కుండానే ఆ పెద్దావిడకి తల దువ్వి జడ వేసింది.

నా తప్పు ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను. వార్డు నిండా రోగులున్న సిస్టర్‌కి ఆరుగురు విద్యార్థినుల్ని అప్పగించేటప్పుడు ఆమె పనిలో ఏం తగ్గిస్తున్నారు? రోగుల చేత తిట్లూ దెబ్బలూ తినేది ఆమే. ఆమెని ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడిగేదెవరు? కాలేజీ ట్యూటరు సంతకం పెట్టి వెళ్లిపోకుండా, డ్యూటీ అయ్యాక ఓ పావుగంట అందర్నీ కూర్చోబెట్టి ఆరోజు సంగతులు మాట్లాడించాలి.

చట్టం కూడా వార్డులోకి పంపే ముందే చెప్పాలి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో చనిపోయారు. 2017 చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని, మత్తివ్వకుండా కరెంటు వైద్యం చెయ్యడాన్ని నిషేధించింది. పిల్లలకి ఇది తెలిస్తే, తప్పు జరిగినప్పుడు నోరు మెదపగలుగుతారు.

ఇక తల్లులతో ఒక మాట. ‘పిచ్చాసుపత్రిలో చేసిందంటే సంబంధాలు రావు’ అని మీరంటారనే పిల్లలు హాస్టల్ నుంచి ఫోన్‌లో ఏమీ చెప్పరు. ‘వచ్చేయ్’ అనకండి, ‘సర్దుకో’ అనీ అనకండి. ‘ఇవాళ ఎవరితో మాట్లాడావు?’ అని అడిగి చూడండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416 కూడా చెప్పి ఉంచండి. డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది రోగులకే కాదు, మన పిల్లకీ, ఆ సిస్టర్‌కీ కూడా.